తొడిమ వైపు ముక్క

మా కొట్టుకు ఒక పేరుంది. బోర్డు మీద రంగుల్లో రాయించాం కూడా. కానీ ఆ పేరు చెప్పి అడిగితే మా వీధిలో ఎవరూ దారి చెప్పలేరు. "లేదమ్మ కొట్టు" అనండి, పసిపిల్లలు కూడా చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి దిగబెడతారు.

లేదమ్మ అంటే మా తోడికోడలు. మా బావగారి భార్య. నేను అక్కా అని పిలుస్తాను. మందులు కొట్టకుండా, బస్తా ఎరువులు వేయకుండా పండించిన కూరగాయలూ పళ్ళూ తప్ప ఇంకేవీ అమ్మదు. అవి ఏ కాలానివి ఆ కాలంలోనే వస్తాయి. అందుకని వచ్చినవాళ్ళతో ఆమె రోజంతా అనే మాట ఒకటే.

"టమాటాలున్నాయామ్మా?"

"లేవు."

"పోనీ క్యాబేజీ?"

"అది చలికాలం పంట. అప్పుడు రండి."

"మరేం ఉన్నాయి?"

"గుమ్మడికాయ ఉంది. నిన్నా ఉంది, రేపూ ఉంటుంది."

ఈ జవాబుకు నవ్వినవాళ్ళు మళ్ళీ వస్తారు. మూతి ముడుచుకున్నవాళ్ళు పెద్ద బజారుకు పోతారు. మిగతా కొట్లవాళ్ళు గుమ్మం పక్కన పలక పెట్టి ఏమేం ఉన్నాయో రాసుకుంటారు. మా పలక మీద పైన లావుగా "ఈ రోజు లేనివి" అని ఉంటుంది. ఎండలు ముదిరితే ఆ పలక చాలదు. ఇదేం వ్యాపారమని కాపురానికి వచ్చిన కొత్తలో నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను.

"ఉన్నవి కళ్ళకు కనిపిస్తాయి కదే," అంది అక్క. "లేనివాటి కోసం లోపలిదాకా వచ్చి వెతుక్కోవడమెందుకు, పాపం?"

ఆమెతో వాదించి గెలిచినవాళ్ళు నాకు తెలిసి ఎవరూ లేరు. నేను మాత్రం ఇంకా ప్రయత్నం మానలేదు.

కారు పెట్టుకోవడానికని మా ఇంటి కింద కట్టిన గదిలోనే కొట్టు. కారు మాకెన్నడూ లేదు. గోడల పొడవునా ప్లాస్టిక్ ట్రేలు, ఆకుకూరల మీద తడిపిన గోనెపట్టాలు, మూలన కాటా, దాని వెనక ఎత్తుబల్ల మీద నేను. తూకం నాది. నోరు కూడా నాదేనంటుంది అక్క. ఆకులకు చిల్లులున్నాయని ఎవరైనా గొణిగితే నేను ఊరుకోను. "పురుగు తిని బతికి బట్టకట్టిందంటే మీకూ ఏం కాదు, తీసుకెళ్ళండి" అంటాను. క్యారెట్లు వంకరగా ఉన్నాయంటే, "తరిగి కూర చేస్తారా, నిలబెట్టి ఫోటో తీయిస్తారా?" అని అడుగుతాను. మా ఇద్దరి మాటతీరుకూ ఆ కొట్టు ఎలా నడుస్తోందా అని మావారు ఇప్పటికీ ఆశ్చర్యపోతుంటారు.

నడిచేది అక్క నాలుక మీద. తెల్లవారుతూనే రైతులు సైకిళ్ళ మీదా చిన్న బళ్ళ మీదా సరుకు తెచ్చి గుమ్మంలో దించేవాళ్ళు. అక్క పీట వేసుకుని కూర్చుని, ప్రతి ట్రేలోనూ అడుగుదాకా చెయ్యి పోనిచ్చి ఒక కాయ లాగేది. పైనున్నదాన్ని ఎప్పుడూ ముట్టేది కాదు. తొడిమ వైపు ముక్క కోసి, పచ్చిదే నోట్లో వేసుకుని కళ్ళు మూసుకునేది. ఆమె నమిలినంతసేపూ రైతు ఊపిరి బిగబట్టి నిలబడేవాడు. మింగిందంటే సరుకు లోపలికి. ఉమ్మిందంటే మళ్ళీ బండెక్కాల్సిందే. వాళ్ళు తిట్టుకుంటూ పోయేవాళ్ళు, మర్నాడు మంచివి ఏరుకుని వచ్చేవాళ్ళు. వీధివాళ్ళకు ముద్రలూ ధ్రువపత్రాలూ అక్కర్లేదు. లేదమ్మ మింగిందా? అయితే పిల్లలకు పెట్టొచ్చు.

ఆ చలికాలం సగంలో ఉండగా అక్కకు జ్వరం వచ్చింది. వీధిలో సగంమందికి వచ్చిన జ్వరమే. తగ్గింది, లేచింది, మళ్ళీ పీట మీద కూర్చుంది. అంతా మామూలే అనుకున్నాం.

కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం నేను బీన్సు కూర చేశాను. కాటా దగ్గర ఎవరితోనో గొడవపడి వచ్చిన వేడిలో, ఉప్పు వేశానో లేదో గుర్తులేక ఇంకోసారి వేశాను. అక్క అన్నంలో కలుపుకుని తింది. మారు వడ్డించుకుంది. "బాగుందే" అంది.

నేను గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. కాపురానికి వచ్చినప్పటినుంచీ నా వంటకు ఆమె నోట వంక తప్ప మరో మాట వినలేదు. ఏనుగు ఎక్కినంత సంబరమైంది నాకు. ఆ సంబరంతోనే మావారికి వడ్డించాను. ఆయన ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, గ్లాసు అందుకుని, గుక్క తిప్పుకోకుండా నీళ్ళన్నీ తాగేసి, "ఎవరి మీద కోపం నీకు?" అన్నారు.

నేనూ నాలుక మీద వేసుకుని చూశాను. కూర కాదు, సముద్రం.

అక్కను పెరట్లోకి లాక్కెళ్ళి అడిగాను. మొదట దబాయించింది. తరవాత నీళ్ళతొట్టి గట్టు మీద కూలబడింది.

"జ్వరం పోతూ పోతూ రుచిని కూడా పట్టుకుపోయిందే. ఉప్పు లేదు, కారం లేదు, వాసన అసలే లేదు. ఏది నమిలినా తడి కాగితం నమిలినట్టుంది."

"మరి రోజూ పొద్దున్నే కళ్ళు మూసుకుని..."

"మూసుకుంటున్నాను. అంతే."

అక్క ఏడవడం అప్పుడే మొదటిసారి చూశాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది గానీ, ఆమె కళ్ళలో నీళ్ళు చూడడం నా వల్ల కాలేదు. డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాను. రుచి తిరిగొస్తుంది, ఎప్పుడని మాత్రం చెప్పలేం, ఓపిక పట్టండి అన్నారు. ఓపిక మా ఇంట్లో బావగారి దగ్గర తప్ప ఎవరి దగ్గరా లేదు.

"అందరికీ చెప్పేద్దాం అక్కా," అన్నాను.

"చెబితే కొట్టు మూసుకున్నట్టే. వాళ్ళు కూరగాయల కోసం రావట్లేదే, నా మాట కోసం వస్తున్నారు. ఆ రైతులు బతికేదీ ఆ మాట మీదే. అది పోయిందని తెలిస్తే కొనేవాళ్ళు ఒక్కరైనా గుమ్మం తొక్కుతారా?"

"పోనీ నేను రుచి చూస్తాను."

"నీ నాలుకే సరైనదైతే నీ కూరలు అలా ఎందుకుంటాయే?"

ముక్కు చీదుకుంటూ కూడా ఆ మాట అనగలిగింది! నేను అలిగి లోపలికి వెళ్ళిపోయాను. నేను తిరిగొచ్చేసరికి ఆమె ఆ పనికి బావగారిని ఎంచుకుంది.

మా బావగారి లాంటి మనిషి లక్షకొకరు ఉంటారు. కంచంలో ఏది పెట్టినా బాగుందంటారు. మాడినా బాగుంది, ఉడక్కపోయినా బాగుంది. ఒకసారి పొడి వేయడం మరిచిపోయి ఉత్త పాలూ నీళ్ళూ కాచి ఇస్తే, ఇవాళ టీ తేలిగ్గా బాగుందన్నారు. ఇలాంటి మనిషి ఇంట్లో ఉండడం అదృష్టమే. కానీ సరుకు మంచిచెడ్డలు తేల్చడానికి ఇలాంటి మనిషిని కూర్చోబెట్టాలన్న ఆలోచన మా ఇంట్లో తప్ప ఇంకెక్కడా పుట్టదు. నేను చెప్పి చూశాను. "ఆయన అబద్ధం ఆడరే" అంది అక్క. నిజమే, ఆడరు. ఆయనకు నిజంగానే అన్నీ బాగుంటాయి.

ఏర్పాటు ఇదీ. అక్క పీట మీద కూర్చుని ముక్క కోసి తన నోట్లో వేసుకుంటుంది. ఇంకో ముక్క ఎవరూ చూడకుండా వెనక్కి అందిస్తుంది. తలుపుచాటున బావగారు నములుతారు. బాగుంటే గొంతు సవరించుకోవాలి, బాగోకపోతే ఊరుకోవాలి. ఆ రోజునుంచి మా గుమ్మంలో ఒకటే గొంతు సవరింపులు. మీ ఇంట్లో ఎవరైనా సంగీతం నేర్చుకుంటున్నారా అని పాలవాడు అడిగాడు. ఒక్క ట్రే కూడా వెనక్కి పోలేదు. అమ్మ మనసు మెత్తబడిందని రైతులు మురిసిపోయారు.

కొన్నాళ్ళు గండం గడిచిపోయింది. క్యారెట్లు, బఠానీలు, పాలకూర చెడిపోదామన్నా చెడిపోని చల్లటి రోజులవి. పైగా చూపుతోనూ చేత్తోనూ అక్క కనిపెట్టగలిగినవి చాలా ఉన్నాయి. తరవాత ఎండలు వచ్చాయి.

ఎండాకాలం మా కొట్టుకు కీరా తాతే దిక్కు. పలక మీద లేనివాటి వరస పెరిగేకొద్దీ ఆయన తెచ్చే కీరదోసకాయల కోసం జనం ఎదురుచూసేవాళ్ళు. మందు చుక్క తన చేలో పడనివ్వడు. పక్క చేలో కొడుతుంటే గాలి ఇటు తిరుగుతుందేమోనని గట్టు మీద కూర్చుని కాపలా కాస్తాడు. నోట్లో ఒక్క పన్నూ లేదు, తన కాయ తనే కొరకలేడు. "నువ్వు తిని చెప్పు తల్లీ. నువ్వు బాగుందంటేనే నేను పండించినట్టు" అనేవాడు అక్కతో.

ఆ ఏడు ఎండ నిప్పులు చెరిగింది. తాత బావి అడుగంటింది. నీళ్ళు చాలకపోతే కీరదోసకు చేదు వస్తుంది, అది తొడిమ దగ్గర మొదలవుతుంది. తాత ఆ రోజు దించుతూనే, "తడి చాల్లేదు తల్లీ, కాస్త జాగ్రత్తగా చూడు" అన్నాడు. అక్క తొడిమ వైపు ముక్క కోసింది. వెనక్కి అందించింది. తలుపు వెనక చాలాసేపు చప్పుడు లేదు. తరవాత గొంతు సవరింపు వినిపించింది.

సాయంత్రానికి కాయలన్నీ అమ్ముడుపోయాయి.

మర్నాడు తాత మళ్ళీ ట్రేలు దించుతుండగానే వీధి వీధంతా మా గుమ్మంలోకి వచ్చింది. అందరి చేతుల్లోనూ కొరికిన కీరదోసకాయలే. ముందు నిలబడింది రిటైరైన రైలు గార్డుగారు. మామూలు మాటలే ఆయన బండికి ఈల వేసినంత గట్టిగా చెబుతారు, ఇక కోపం వస్తే అడగక్కర్లేదు.

"ఏంటమ్మా ఇది! మా మనవరాలు నిన్నటినుంచీ నాలుక బయటపెట్టుకునే తిరుగుతోంది!"

"ఇంత చేదు ఊరికే రాదు," అంది పక్కసందులో ఉండే పళ్ళ డాక్టరమ్మ. "ఏదో మందు కొట్టి ఉంటారు."

మా కొట్లో బూతుమాట అన్నా ఎవరూ పట్టించుకోరు గానీ, ఆ మాట అనకూడదు. అందరూ ఒక్కసారి తాత వైపు తిరిగారు. ఆయన ట్రే చేతుల్లో పట్టుకుని అలాగే ఆగిపోయాడు.

"అమ్మ రుచి చూశాకే కదా లోపలికొచ్చాయి?" అన్నారు గార్డుగారు. "ఆమెకు మంచివి చూపించి, తరవాత ఇవి కలిపేసి ఉంటాడు."

"మీ మాట మీద మాకు నమ్మకం ఉందమ్మా," అంది దర్జీపని చేసే ఆవిడ. "ఇతని సరుకు మాత్రం ఇక తీసుకోకండి."

అక్కకు దారి దొరికినట్టే. తలూపితే చాలు. కొట్టు నిలుస్తుంది, పరువు నిలుస్తుంది, గుట్టు దాగుతుంది. పోయేది తాత ఒక్కడే.

తాత వాదించలేదు. ట్రే కింద పెట్టి, "అమ్మాయి బాగుందంది కదా బాబూ. ఇప్పుడూ అమ్మాయే చెబుతుంది" అని అక్క మొహంలోకి చూశాడు. ఆ చూపులో అనుమానం లేదు. అందరినీ కడిగేద్దామని బల్ల మీంచి దిగాను. అక్క నన్ను చేత్తో ఆపి తనే లేచి నిలబడింది.

"తాత ఏ మందూ కొట్టలేదు. ఈ చేదు ఎండది. నీళ్ళు చాల్లేదని నాకు చెప్పే దించాడు. రుచి చూడాల్సింది నేను. నాకు రుచి తెలియట్లేదు."

"అంటే?" అన్నారు గార్డుగారు.

"జ్వరం వచ్చినప్పటినుంచీ నా నాలుకకు ఏమీ తెలియట్లేదండీ. రోజూ మీ ముందు కళ్ళు మూసుకుని నటిస్తున్నాను. మానేయాలనుకుంటే నా కొట్టుకు రావడం మానేయండి. తాతను ఒక్క మాట అనకండి."

నేను వెళ్ళి అక్క పక్కన నిలబడ్డాను. ఆ సమయంలో తలుపుచాటునుంచి బావగారు బయటికొచ్చారు.

"తప్పు ఆమెది కాదండీ. తిని చెప్పింది నేను. కొంచెం చేదుగా ఉన్నమాట నిజమే. కానీ చేదు ఒంటికి మంచిదంటారు కదా. నాకు బాగానే అనిపించింది."

గార్డుగారు ఆయన్ను పైనుంచి కిందిదాకా చూశారు. "మీరా! రుచి చూడ్డానికి మిమ్మల్ని పెట్టారా?"

మొదట నవ్వింది దర్జీ ఆవిడ. బావగారికి ఆవిడ ఒకసారి ఒక చెయ్యి పొడుగ్గా, ఒక చెయ్యి పొట్టిగా చొక్కా కుట్టేస్తే, బాగుందని రెండేళ్ళు తొడుక్కున్నారు. ఆ సంగతి ఆవిడే చెప్పింది. నవ్వు ఒకరినుంచి ఒకరికి పాకింది. చివరికి తాత కూడా బోసినోటితో నవ్వాడు. అక్క మాత్రం నవ్వలేక, ఏడవలేక, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుంది. డాక్టరమ్మ దగ్గరకొచ్చి, "ఇన్నాళ్ళూ ఒక్కరే ఎలా భరించారండీ?" అని భుజం మీద చెయ్యి వేసింది. తరవాత తాత వైపు తిరిగి, "తొందరపడి మాట తూలాను తాతా, మనసులో పెట్టుకోకండి" అంది.

"అది సరే," అన్నారు గార్డుగారు. "ఇవాళ్టి ట్రేలు ఎవరు చూస్తారు మరి?"

జవాబు కోసం చూడకుండా ఆయనే మోకాళ్ళు టకటకలాడించుకుంటూ పీట మీద కూర్చుని కత్తి అందుకున్నారు. కాయను కొసవైపు కోయబోయారు.

"అటు కాదండీ! తొడిమ వైపు!" అని అరిచింది అక్క. అలవాటైన ఆ అరుపు వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

గార్డుగారు నమిలి, మొహం అష్టవంకర్లు తిప్పి ఉమ్మేశారు. ఇంకో ట్రేలోది దర్జీ ఆవిడ కొరికింది. బావి పక్క పాదులకు కాసిన కాయలట అవి. ఆవిడ మింగేసి ఇంకో ముక్క అడిగింది. అలా తలా ఒక కాయ కొరికి, తలా ఒక మాట అని, గంట సేపు రభస చేసి సగం ట్రేలు లోపలికి పంపారు. చేదువి తాత ఎరువుగుంతకు పట్టుకుపోయాడు. వెళ్ళేటప్పుడు అక్క దగ్గర ఆగి, "నా కోసం ఇంతమందిలో అంత మాట అనేశావేం తల్లీ" అన్నాడు. అక్క ఒక ట్రే అందుకుని ఆయనతో వీధిలోకి నడిచింది. ఇంకొకటి నేను పట్టుకుని వెనకే వెళ్ళాను.

ఇక వీళ్ళు రారని ఆ రాత్రి అక్క అన్నం ముట్టలేదు. పొద్దున్నే తలుపు తీస్తే గార్డుగారు ఇంటినుంచి సొంత కత్తి తెచ్చుకుని గుమ్మంలో కూర్చుని ఉన్నారు. ఆయన వెనక దర్జీ ఆవిడ, ఆవిడ వెనక ఆసుపత్రికి వెళ్ళబోతూ డాక్టరమ్మ. రోజులు గడిచేకొద్దీ ఇంకొంతమంది చేరారు. రైతులు హడలిపోయారు. ఒక అత్తగారితోనే వేగలేకపోతుంటే పదిమంది అత్తగార్లు తయారయ్యారని ఒకతను నాతో మొరపెట్టుకున్నాడు. బావగారిని ముక్కల పళ్ళెం దరిదాపులకు రానివ్వకుండా, అందరికీ టీ ఇచ్చే పని అప్పగించారు. టీ ఎలా ఉందని ఆయన్ను మాత్రం ఎవరూ అడగరు.

పొద్దున్నే నమిలి తేల్చేవాళ్ళకు ఏ చేలో నీళ్ళున్నాయో, ఏ తోటలో పూత రాలిందో తెలియడం మొదలైంది. టమాటాల కోసం నన్ను వేధించడం మానేశారు. ఒకరోజు కొత్తావిడెవరో వచ్చి క్యాబేజీ అడిగితే, నేను నోరు తెరిచేలోపు గార్డుగారే "లేదమ్మా, చలికాలం రండి!" అని బండికి ఈల వేసినట్టు చెప్పారు. నాకు పని తగ్గిపోతోందని బెంగపడ్డాను. అబద్ధం ఎందుకు, మహా సంతోషపడ్డాను.

వానలు పడ్డాయి. తాత బావి నిండింది. కొత్త పాదుల కాయలు తెచ్చి గుమ్మంలో దించాడు. అందరూ కోసుకుని తిన్నారు. తేనె అన్నారు, వెన్న అన్నారు, గార్డుగారు తీర్పు ప్రకటించారు. తాత అవన్నీ విని తలూపాడు గానీ తృప్తి పడలేదు. ఒక ముక్క తీసుకెళ్ళి అక్కకు ఇచ్చాడు.

"తెలియకపోయినా ఫర్వాలేదు తల్లీ. నువ్వు తింటే నాకదో తృప్తి."

అక్క నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుంది. నమలడం ఆపింది. మళ్ళీ మెల్లగా నమిలింది. మూసిన కళ్ళలోంచి నీళ్ళు జారాయి. తాత చెవి దగ్గరకు వంగి, "తియ్యగా ఉంది తాతా, తొడిమ దగ్గర కూడా" అంది. తాత నోరు తెరిచి కేక పెట్టబోయాడు. అక్క పెదాల మీద వేలు పెట్టుకుంది. కాటా వెనకనుంచి నేను మొత్తం చూశాను.

అప్పటికప్పుడు ఆమెను పెరట్లోకి లాక్కెళ్ళాను.

"ఎప్పటినుంచి?"

"వారం నుంచీ కొంచెం కొంచెంగా తెలుస్తోంది. ఇవాళ మొత్తం తెలిసింది."

"మరి అందరికీ చెప్పవేం! పోయినప్పుడు దాచావు సరే, వచ్చినదాన్ని కూడా దాస్తారా ఎవరైనా?"

ఆమె కొట్టు వైపు చూసింది. లోపల బీన్సు లేతవో ముదిరినవో తేలక గార్డుగారూ డాక్టరమ్మా కొట్టుకుంటున్నారు. మధ్యలో ఎవరో పగలబడి నవ్వుతున్నారు.

"చెబితే రేపట్నుంచి కత్తి నా చేతిలో పెట్టేసి ఎవరి ఇళ్ళకు వాళ్ళు పోతారే," అంది అక్క. "ఇన్నేళ్ళూ ఒక్కదాన్నే కూర్చుని నమిలాను. పదిమందితో కలిసి తింటే కీరదోసకాయ ఇంత బాగుంటుందని నాకేం తెలుసు?"

నాకు కోపం రాలేదు. ఆమెను గట్టిగా పట్టుకున్నాను. ఇంతలో లోపలినుంచి గార్డుగారు, బీన్సు సంగతి తేల్చమని ఆమెను పిలిచారు. అక్క కళ్ళు తుడుచుకుని, "నాకేం తెలుస్తుందండీ, మీరే తిని చెప్పాలి" అంటూ వెళ్ళింది.